ఆయమ్మకు సెలవు: వెనకటి నుంచి ఇప్పటి దాకా

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అనే పట్టికలు వేసుకుంటాం. ఈసారి చరిత్ర మీద కూడా ఒక వ్యాసం ఉండాలని కార్యవర్గంలో అనుకున్నాం. ఏ చరిత్ర రాయాలి అన్నప్పుడు రాజుల చరిత్ర, కోటల చరిత్ర ఎటూ పిల్లల పుస్తకాల్లో ఉంది గదా, మన పని చరిత్ర రాస్తానని నేనే ముందుకొచ్చాను. పదో తరగతి దాకా చదివినదాన్ని, తెలిసినంతలో రాస్తున్నాను.

మన సంఘాల్లో బోకులు తోమే పనికి, వంట పనికి పోయేవాళ్ళు మొదటి నుంచీ ఉన్నారు. ఇప్పుడు పిల్లలను చూసుకునే పనికి పోయేవాళ్ళు కూడా ఎక్కువవుతున్నారు. పొద్దున రెండు మూడు గంటలు ఒక ఇంట్లో పసిబిడ్డకు నీళ్ళు పోసి, పాలు పట్టి, నిద్రపుచ్చి రావాలి. మధ్యాహ్నం ఇంకో ఇంటికి పోయి స్కూలు బస్సు దగ్గర పిల్లోణ్ణి దించుకుని, అన్నం పెట్టి, వాళ్ళమ్మ ఆఫీసు నుంచి వచ్చేదాకా కూర్చోవాలి. దీన్ని పార్ట్ టైమ్ ఆయా పని అంటున్నారు. పేరుకు పార్ట్ టైమే. రెండు ఇళ్ళు, నడక, మధ్యలో మన ఇంటి పని అన్నీ కలిపితే పొద్దున ఆరుకు మొదలైన రోజు రాత్రి ఎనిమిదికి గానీ తెమలదు.

ఈ పనిలో సెలవు అనే మాటే లేదు. రాకపోతే కోత. మనకు జ్వరమొస్తే కోత, మన బిడ్డకు జ్వరమొస్తే కోత. అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇంకొకటి ఉంది. వాళ్ళు పది రోజులు తిరుపతికో ఊటీకో పోయి ఇంటికి తాళం వేసుకున్నా కోతే. మనం వస్తామన్నాం, వాళ్ళే వద్దన్నారు, అయినా జీతం మనదే పోయింది. ఆ నెల సంఘంలో వాయిదా ఆగుతుంది. సకాలంలో కట్టిన అప్పుకే సున్నా వడ్డీ అని మనందరికీ తెలుసు. ఒక ఇంటి తాళం వల్ల ఒక సంఘం వడ్డీ రాయితీ దాకా ఇబ్బంది వస్తుంది. అందుకే ఇది ఒక్క ఆయమ్మ బాధ కాదు, సమాఖ్య పుస్తకంలో రాయదగిన సంగతే అనుకుంటున్నాను.

ముందు ఈ ఆయా అనే మాట సంగతి చూద్దాం. ఇది మన తెలుగు మాట కాదు, ఇంగ్లీషు మాటా కాదు. పోర్చుగీసు వాళ్ళ నుంచి వచ్చింది. వాళ్ళ తర్వాత ఇంగ్లీషు దొరలు ఆ మాటను పట్టుకున్నారు. దొరసానుల పిల్లలను ఎత్తుకుని పెంచింది మన దేశపు ఆడవాళ్ళే. దొరసాని సీమకు పోవాలంటే నెలల తరబడి ఓడలో పిల్లలను ఎవరు చూస్తారు? అందుకని ఆయాను వెంట తీసుకుపోయేవారు. కలకత్తా, బొంబాయి, మద్రాసు రేవుల నుంచి ఇలా పోయినవాళ్ళు ఎందరో. మన జిల్లాలు కూడా అప్పుడు మద్రాసు రాజ్యంలోనివే.

ఓడ లండన్ చేరాక ఏమయ్యేదో చూడండి. చాలా మందికి ప్రయాణం వరకే పని. పిల్లలు ఇల్లు చేరారు, ఇక ఆయాతో అవసరం లేదు. కొందరు తిరుగు టిక్కెట్టు ఇచ్చి పంపించారు, కొందరు ఏమీ ఇవ్వకుండా ఊరుగాని ఊరిలో వదిలేశారు. అట్లా మిగిలిపోయిన వాళ్ళ కోసం లండన్‌లో ఆయాల వసతి గృహం ఒకటి పెట్టారు. మొదట ఆల్డ్‌గేట్ అనే చోట ఉండేది. 1900లో దాన్ని హాక్నీ అనే పేటలో కింగ్ ఎడ్వర్డ్స్ రోడ్డులోని 26వ నంబరు ఇంటికి మార్చారు. ఇండియాకు తిరిగి పోయే ఇంకో దొర కుటుంబం దొరికి, ఆ పిల్లలను ఓడలో చూసుకునే పని కుదిరేదాకా అక్కడే ఎదురుచూసేవారు. 2022లో ఆ ఇంటి గోడకు గుర్తుగా నీలం రంగు ఫలకం పెట్టారు. పని ఉన్నన్ని రోజులే మనిషి, పని అయిపోతే మనిషి లేదు అనే లెక్క అంత పాతది. ఇప్పుడు మన వీధిలో ఇంటికి తాళం వేసి పది రోజుల జీతం కోసేది కూడా ఆ లెక్క ప్రకారమే.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ మాట పార్లమెంటు దాకా పోయింది. 1959లో ఢిల్లీలో ఇంటి పనివాళ్ళు సంఘం కట్టి ఆందోళన చేశారు. అదే ఏడు రాజ్యసభలో పి.ఎన్. రాజభోజ్ గారు ఇంటి పనివాళ్ళ పని నిబంధనల మీద ఒక బిల్లు పెట్టారు. అందులో కనీస జీతం, వారానికి ఒక విశ్రాంతి రోజు, ఏడాదికి 15 రోజుల సెలవు అని ఉంది. అది చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. మా అమ్మ కూడా పుట్టని ఏడు అది. ఆ బిల్లు చట్టం కాలేదు. తర్వాత కూడా అప్పుడప్పుడూ ఇట్లాంటి బిల్లులు పెట్టారు, అవీ చట్టాలు కాలేదు.

బిల్లుతో కానిది కొంత పూణే ఆడవాళ్ళు వీధిలో సాధించారు. ఈ సంగతి మన సంఘాల్లో అందరూ తెలుసుకోవాలి, అందుకే కొంచెం వివరంగా రాస్తాను.

1980లో పూణే పట్టణంలో ఒక పనిమనిషి జబ్బు చేసి కొన్ని రోజులు పనికి పోలేకపోయింది. తిరిగి పోయేసరికి ఆమెను తీసేశారు. ఇట్లాంటిది మన దగ్గర వారానికొకటి జరుగుతుంది, పాపం అనుకుని ఊరుకుంటాం. అక్కడ ఊరుకోలేదు. చుట్టుపక్కల ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు కలిసి పని మానేశారు. అది పేట నుంచి పేటకు పాకింది. పిలుపిచ్చిన పెద్ద నాయకులంటూ మొదట ఎవరూ లేరు. తర్వాత లీలా భోసలే గారి లాంటి వాళ్ళు అండగా నిలిచి, పూణే శహర్ మోల్కరీణ్ సంఘటన అనే సంఘం కట్టారు. మరాఠీలో మోల్కరీణ్ అంటే ఇంటి పనిచేసే ఆడమనిషి. జీతం పెంచాలి, కోత లేని సెలవు ఇవ్వాలి, దీపావళికి బోనస్ ఇవ్వాలి అని అడిగారు.

ఇందులో నాకు ముఖ్యమనిపించింది ఏంటంటే, వాళ్ళలో ఎక్కువ మంది పార్ట్ టైమ్ వాళ్ళే. మూడు నాలుగు ఇళ్ళలో గంట, రెండు గంటలు చేసేవాళ్ళు. పార్ట్ టైమ్ అంటే తక్కువ పని, తక్కువ హక్కు అని మనం అనుకుంటాం. కానీ ఒకే ఇంట్లో పడుకుని, అక్కడే తిని పనిచేసే ఆడమనిషి సమ్మె చేయగలదా? తలుపు దాటి బయటికే రాలేదు. నాలుగు ఇళ్ళు చేసే ఆమె ఒక ఇల్లు పోగొట్టుకుంటే పావు జీతం పోతుంది గానీ నిలువునా మునిగిపోదు. పొద్దున, సాయంత్రం దారిలో తనలాంటి వాళ్ళు కలుస్తారు, మాట్లాడుకుంటారు. ఆ దారిలో మాటలే సమ్మె అయ్యాయి. చట్టం చూపులో పార్ట్ టైమ్ బలహీనతే కావచ్చు, బేరం దగ్గరికి వచ్చేసరికి అదే బలం. 2008లో మహారాష్ట్ర ప్రభుత్వం ఇంటి పనివాళ్ళకు సంక్షేమ బోర్డు చట్టం చేసింది. వీధిలో మాట పుట్టిన 28 ఏళ్ళకు అన్నమాట.

మన వైపు ఏం జరిగిందంటే, 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటి పనిని కనీస వేతనాల జాబితాలో చేర్చారు. 2008లో కేంద్రం అసంఘటిత కార్మికుల సామాజిక భద్రతా చట్టం చేసి, అందులో ఇంటి పనివాళ్ళను కూడా కార్మికులుగా రాసింది. 2013లో పనిచోట ఆడవాళ్ళపై లైంగిక వేధింపుల నివారణ చట్టం వచ్చింది. ఇంటి పని చేసే ఆడమనిషి అంటే ఎవరో ఆ చట్టంలో విడమరిచి చెప్పారు. తాత్కాలికమైనా శాశ్వతమైనా, పార్ట్ టైమ్ అయినా ఫుల్ టైమ్ అయినా అందరూ వస్తారని ఉంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మీరు గంట సేపు పనిచేసే ఇంట్లో అసభ్యంగా ఎవరన్నా ప్రవర్తిస్తే జిల్లాలో ఉండే స్థానిక ఫిర్యాదుల కమిటీకి చెప్పవచ్చు. పార్ట్ టైమ్ మనిషివి, నీకు వర్తించదు అనడానికి వీల్లేదు.

ఇన్ని వచ్చినా సెలవు మాత్రం రాలేదు. ఎందుకు రాలేదో తెలుసుకోవడానికి ఇంకో చట్టం చూడాలి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో మార్చి, కాన్పుకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. మంచి చట్టం. అయితే అది పది మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఈఎస్ఐ కూడా అంతే, మనుషుల సంఖ్యను బట్టే. ఇల్లు సంస్థ కాదు, అక్కడ పదిమంది పనివాళ్ళు ఉండరు. కాబట్టి ఆఫీసుకు పోయే తల్లికి 26 వారాలు దొరుకుతాయి, అవి అయిపోగానే ఆమె బిడ్డను చూసుకోవడానికి వచ్చే ఆయమ్మకు తన కాన్పుకు ఒక్క రోజు కూడా దొరకదు. ఆ తల్లిని నేను తప్పు పట్టడం లేదు, ఆమె కూడా ఆడదే, ఆమె కష్టం ఆమెది. చట్టం ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"నువ్వు మా ఇంటి మనిషివే ఆయమ్మా" అంటారు. నిజంగా ప్రేమగా అనేవాళ్ళూ ఉన్నారు. దసరాకు చీర పెడతారు, మిగిలిన కూర డబ్బాలో పెట్టిస్తారు, ఆస్పత్రి ఖర్చుకు అప్పిస్తారు. అవి వద్దనకూడదు, మరచిపోకూడదు. కానీ ఇంటి మనిషి జ్వరమొచ్చి పడుకుంటే ఎవరన్నా జీతం కోస్తారా? 2020 మార్చిలో కరోనా వచ్చినప్పుడు ఇది తేటతెల్లమయ్యింది. లాక్‌డౌన్‌కు ముందే ప్రధానమంత్రి గారు, పనిచేసేవాళ్ళు రాలేకపోయినా జీతం కోయవద్దని ప్రజలకు విజ్ఞప్తి చేశారు. విజ్ఞప్తి అంటే మనసున్నవాళ్ళు వింటారు, లేనివాళ్ళు వినరు. విన్నవాళ్ళ ఇళ్ళలో పనిచేసినవాళ్ళు ఎట్లో గడిపారు. మిగతావాళ్ళు ఎట్లా గడిపారో మన సంఘాల అప్పు పుస్తకాలు తిరగేస్తే తెలుస్తుంది.

ఇక బయటి దేశాల సంగతి. మన కడప వైపు నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎంతమంది కువైట్ పోయారో చెప్పనక్కర్లేదు, ప్రతి వీధికీ ఒకరుంటారు. అక్కడ 2015లో ఇంటి పనివాళ్ళ కోసం 68వ నంబరు చట్టం చేశారు. రోజుకు 12 గంటలకు మించి పని వద్దు, వారానికి ఒక సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు, పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికి ఒక నెల జీతం చొప్పున లెక్కగట్టి ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. కాగితం మీద ఉన్నదంతా జరుగుతుందని చెప్పలేం, వచ్చినోళ్ళను అడిగితే ఎన్నో చెబుతారు. కానీ ఆలోచించండి. మన వీధి ఆడపడుచు కువైట్‌లో పిల్లలను పెంచితే ఆమెకు 30 రోజుల సెలవని రాసిన కాగితం ఉంది. అదే ఆడపడుచు మన ఊళ్ళో పిల్లలను పెంచితే అట్లాంటి కాగితం లేదు.

అమెరికాలో ఈ పనిచేసేవాళ్ళను నానీ అంటారు. మన వాళ్ళ పిల్లలు అక్కడ ఉద్యోగాల్లో ఉంటే, అమ్మమ్మలో నానమ్మలో ఆరు నెలలు పోయి మనవళ్ళను చూసుకుని వస్తారు గదా. వాళ్ళు తిరిగొచ్చాక అక్కడా కష్టం ఈ నానీ దగ్గరే. అంత డబ్బున్న దేశంలో కూడా ఈ పనికి హక్కులు ఆలస్యంగానే వచ్చాయి. 1935లో ముసలితనపు పింఛను చట్టం చేసినప్పుడు ఇంటి పనివాళ్ళను, పొలం కూలీలను పక్కన పెట్టారు. నల్లజాతి పనివాళ్ళలో ఎక్కువ మంది ఆ పనుల్లోనే ఉండేవారు. 1950లో చట్టం మార్చి, క్రమంగా పనిచేసే ఇంటి పనివాళ్ళను పింఛనులో చేర్చారు. కనీస వేతనం 1938లో వస్తే ఇంటి పనివాళ్ళకు అది 1974లో గానీ అందలేదు. ఇక జీతంతో సెలవు? న్యూయార్క్ రాష్ట్రంలో పిల్లలను చూసుకునేవాళ్ళు, ఇంటి పనివాళ్ళు ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి 2010లో ఒక చట్టం సాధించారు. ఒకే యజమాని దగ్గర ఏడాది పూర్తి చేస్తే మూడు రోజులు జీతంతో సెలవు. మూడే! అయినా అది హక్కుగా వచ్చిన మూడు.

పార్ట్ టైమ్ వాళ్ళకు మాత్రం మూడు రోజులు, పదిహేను రోజులు అనే లెక్కతో చిక్కు తీరదు. పొద్దున ఇంటివాళ్ళు "నువ్వు చేసేది రెండు గంటలే, దానికి సెలవేంది" అంటారు. మధ్యాహ్నం ఇంటివాళ్ళూ అదే మాట అంటారు. ఇద్దరి దగ్గరా సగం మనిషే, ఎవరి దగ్గరా పూర్తి మనిషి కాదు. ఈ చిక్కును దక్షిణాఫ్రికా వాళ్ళు 2002లో తెచ్చిన నిబంధనల్లో తీర్చిన పద్ధతి నాకు బాగా నచ్చింది. అక్కడ కూడా ఇంటి పనివాళ్ళు నల్లజాతి ఆడవాళ్ళే ఎక్కువ. వారానికి 27 గంటల లోపు చేసేవాళ్ళను వేరే వరుసలో పెట్టి, గంటకు కొంచెం ఎక్కువ కనీస జీతం రాశారు. సెలవు ఎట్లా లెక్కకట్టవచ్చంటే, పనిచేసిన ప్రతి 17 రోజులకు ఒక రోజు జీతంతో సెలవు. గంటల లెక్క కావాలంటే 17 గంటలకు ఒక గంట. నువ్వు ఎంత చేశావో అంతకు తగ్గ సెలవు నీదే. సగం పనికి సగం సెలవు గానీ, సగం పనికి సున్నా సెలవు కాదు. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం కూడా 2019లో చేసిన చట్టంలో 40 గంటల పనికి ఒక గంట సెలవు అని రాసింది.

అదే దక్షిణాఫ్రికాలో మరియా మహ్లాంగు అనే ఆమె ఒక ఇంట్లో 22 ఏళ్ళు పనిచేసింది. ఆమెకు చూపు కూడా సరిగా ఆనేది కాదు. 2012లో ఆ ఇంటి ఈత కొలనులో పడి చనిపోయింది. పనిలో దెబ్బ తగిలితే నష్టపరిహారం ఇచ్చే చట్టం ఆ దేశంలో ఉంది గానీ, ఇళ్ళలో పనిచేసేవాళ్ళను అందులోంచి తీసేసి ఉన్నారు. ఆమె కూతురు సిల్వియా కోర్టుకు పోయింది. 2020 నవంబరులో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం, ఇట్లా తీసేయడం చెల్లదని తీర్పు చెప్పింది. పనిమనిషి కూతురు వేసిన కేసుతో ఆ దేశంలో ఇంటి పనివాళ్ళందరికీ పరిహారం హక్కు వచ్చింది.

2011 జూన్ 16న జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ నంబరు ఒప్పందం చేసింది. వారానికి వరసగా 24 గంటల విశ్రాంతి, మిగతా కార్మికులతో సమానంగా జీతంతో ఏడాది సెలవు, కాన్పు రక్షణ అందులో ఉన్నాయి. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది, కానీ అమలు చేస్తామని ఇంకా ఆమోదించలేదు. 2025 జనవరిలో మన సుప్రీంకోర్టు, ఇంటి పనివాళ్ళకు ప్రత్యేక చట్టం అవసరమేమో చూడడానికి ఒక కమిటీ వేయమని కేంద్రానికి చెప్పింది.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి ఏంటో కూడా చెప్పి ముగిస్తాను. ఈ-శ్రమ్ కార్డు 2021 నుంచి ఇస్తున్నారు, ఇంటి పని అని రాయించుకోవాలి, కూలి అని రాయించి వచ్చేయవద్దు. ఏడాదికి 20 రూపాయలు కడితే ప్రమాదానికి రెండు లక్షల బీమా ఉంది, బ్యాంకులో అడగండి. 18 నుంచి 40 ఏళ్ళ లోపు వాళ్ళకు శ్రమయోగి మాన్‌ధన్ పింఛను ఉంది, వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే 60 ఏళ్ళ తర్వాత నెలకు 3000 వస్తుంది.

సెలవు సంగతి మాత్రం మనమే మాట్లాడుకోవాలి. నెలకు 26 రోజుల చొప్పున పనిచేస్తే ఏడాదికి 312 రోజులు. దక్షిణాఫ్రికా లెక్కన 17తో భాగిస్తే 18 రోజులు వస్తాయి. 1959లో మన రాజ్యసభలో పెట్టిన బిల్లులో ఉన్నది 15. ఇప్పుడు మనకు ఉన్నది ఏమీ లేదు. పనికి కుదిరేటప్పుడే నెలకు ఒక రోజు కోత లేని సెలవు, వాళ్ళు ఊరికి పోయినప్పుడు కోత వద్దు అనే రెండు మాటలు అడగడం పెద్ద కోరిక కాదు. ఒక్కరు అడిగితే ఇంకొకరిని పెట్టుకుంటారు, అది నిజం. ఒక అపార్ట్‌మెంటుకు పోయే పది మందీ ఒకే మాట అడిగితే పదకొండో మనిషి కోసం ఎక్కడ వెతుకుతారు?

ఆయా పనికి, ఇంటి పనికి పోయే సభ్యులు ఏ ఇంట్లో ఏ రోజు ఎన్ని గంటలు చేశారో, ఎన్ని రోజులు కోత పడిందో ఒక నోటు పుస్తకంలో రాసుకుని వచ్చే నెల సమావేశానికి తేవాలని కోరుతున్నాను. రాయడం రానివాళ్ళకు సంఘం బుక్‌కీపరు రాసిపెడుతుంది. జూన్ 16 లోపల మూడు నెలల లెక్క చేతికొస్తే, ఆ రోజు సమాఖ్య కార్యాలయంలో కూర్చుని ఏం అడగాలో, ఎవరిని అడగాలో తీర్మానం రాసుకుందాం.